వీధి మొదట నడచువారిది

విజయవాడ వీధులలో చెల్లాచెదరుగా నుండిన మోటారు మరమ్మతు షెడ్లను జనావాసములనుండి దొలగించి, వానికి ప్రత్యేకమైన తావు చూపవలెనను సంకల్పముతో 1960వ దశకమున నెలకొల్పబడినది జవహర్ ఆటోనగర్. వాహనము పని వాహనము చోట, కాపురము కాపురము చోట నుండవలెనను వివేకము దాని పుట్టుకలోనే కలదు. లారీ బాడీ కట్టుట మొదలుకొని లేత్ పనివరకు ఎన్ని విద్యలో నేర్చిన ఆ పేట వేలాది కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. దానియెడ మాకు గౌరవమే కాని వైమనస్యము లేదు. మా యారోపణమంతయు, దాని చుట్టును బెరిగిన పటమట, కానూరు వీధులలో ఆ వివేకమును మనము పూర్తిగా విడనాడితిమనియే.

పటమట ప్రక్కనున్న సందులలో దేనినైనను నిదానించి చూడుడు. ప్రతి గృహస్థుడును బండి యెక్కించుటకై గేటుముందు సిమెంటు ర్యాంపు పోసికొనును. అది మురుగుకాలువను దాటి రోడ్డుమీదికి చొచ్చుకొనివచ్చును. ర్యాంపునకును ర్యాంపునకును నడుమ పగిలిన కాలువ పలక, ఆపైని ట్రాన్స్‌ఫార్మరు దిమ్మ, దానిని దాటినంతనే పట్టా కప్పి నెలల తరబడి కదలక నిలిచిన కారు. పుస్తకాల సంచి మోయుచు బడికి బోవు పిల్లయు, చేతికర్ర యూతగా గుడికి బయలుదేరిన ముసలమ్మయు, క్యారేజీ పట్టుకొని షెడ్డునకు నడచు వెల్డరును ఈ యడ్డంకుల నన్నిటిని తప్పించుకొనుటకు నడిరోడ్డుననే దిగవలసియుండగా, వెనుకనుండి హారనును, ఎదురుగా ఇనుప సామాను నింపిన ట్రాలీ ఆటోయును వారి నొక్కమారే చుట్టుముట్టును.

2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో అసువులు బాసిన 1,68,491 మందిలో 32,825 మంది కాలినడకన బోవువారేయని కేంద్ర రవాణా శాఖ ప్రకటించినది. కాలిబాటపై నిరపాయముగా నడచుట రాజ్యాంగపు 21వ అధికరణము ప్రసాదించిన జీవనహక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టముగా బలికినది. కాలిబాటకు ఏ యడ్డును లేని 1.8 మీటర్ల వెడల్పైనను ఉండవలెనని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏనాడో నియమించినది. శాసనము కొఱత కాదు, కొలతబద్ద కొఱత కాదు, కొఱవడినది సంకల్పము.

రోడ్డు పాడైనప్పుడెల్ల పాతదానిపై మరియొక పొర కాంక్రీటు పోసి, ఇండ్ల గుమ్మములకన్న వీధి యెత్తయి వానకాలమున నీరు వాకిటిలోనికి వచ్చునట్లు చేయుటయే మన యింజనీర్ల యభివృద్ధి. ఆ వెచ్చముతోనే వీధి రూపమును మార్చవచ్చును. కాలువలపై పలకలు సమముగా పరచి వానినే కాలిబాటగా జేయుట, వాహనములు నడచు మేరను కుదించుట, బడులయొద్ద రోడ్డునే కాలిబాట యెత్తునకు లేపి దాటుచోటు కల్పించుట, వేగమును గంటకు 30 కిలోమీటర్లకు కట్టడిచేయుట, లారీలను 100 అడుగుల రోడ్డునకును జాతీయ రహదారులకును పరిమితము చేయుట – ఇవి ఎవ్వరును కనివిని యెఱుగని వింతలు కావు. హాలండులోని డెల్ఫ్ట్ నగరవాసులు 1960వ దశకపు చివరి భాగముననే తమ వీధులలో చెట్లును మలుపులును కల్పించి కార్లను నడక వేగమునకు దింపిరి. 1976లో అచ్చటి ప్రభుత్వము దానిని చట్టబద్ధము గావించినది. మన పొరుగుననే చెన్నపట్టణము 2019లో పాండీ బజారును పాదచారులకు విశాలముగా తీర్చిదిద్దినది.

మరి మా కారు ఎచ్చట నిలుపుకొందుమని కొందరు నిలదీయుదురు. కారు కొన్న రసీదుతోబాటు పదిమందిదైన వీధిలో ఉచితముగా షెడ్డు లభింపదని వారికి నిర్మొగమాటముగా చెప్పవలెను. అంబులెన్సు రాకకు ఆటంకమందురా, నేడు దాని నాపుచున్నది ఇరుప్రక్కల నిలిపిన కార్లే కాని కాలిబాట కాదు.

విజయవాడ నగరపాలక సంస్థయు, తాడిగడప పురపాలక సంఘమును ఇకమీద నివాస వీధులలో కాలిబాట కొలతలు చూపని ఏ రోడ్డు అంచనాకును ఆమోదము తెలుపరాదు. ఆటోనగర్‌ను ఆనుకొనియున్న వీధులలో బడియున్నదాని నొకదానిని ముందుగా నెన్నుకొని, వచ్చు విద్యాసంవత్సరము ప్రారంభమగులోపల అందు పైని చెప్పిన మార్పులను ముగింపవలెను.