బుర్జ్ ఖలీఫా సరే, అబ్రా ఎక్కించారా?

చలికాలం వచ్చిందంటే మన దుబాయ్‌లో కాన్ఫరెన్సుల సీజన్. ఊరి నుంచి ఫోన్లు మొదలవుతాయి. "వదినా, వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో మూడు రోజుల మీటింగ్ ఉంది. సాయంత్రాలు ఖాళీయే, ఏమైనా చూపిస్తారుగా?" చూపిస్తాం, ఎందుకు చూపించం! కానీ ఏం చూపిస్తున్నాం? బుర్జ్ ఖలీఫా, మాల్, గోల్డ్ సూక్, మళ్ళీ మాల్. ఈ పద్ధతి మనం మార్చుకోవాలంటాను.

కొన్నేళ్ళ కిందట మా మరిది ఇలాగే వచ్చాడు. పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి, టాక్సీల్లో తిప్పి, టవర్ ఎక్కించి, పెద్ద హోటల్లో భోజనం పెట్టించాం. అతను ఊరెళ్ళి, "అన్నయ్యవాళ్ళకేం, రాజాల్లా ఉన్నారు" అన్నాడు. ఆ నెలలోనే అప్పు కోసం రెండు ఫోన్లు వచ్చాయి. తప్పు అతనిది కాదండీ. మనం చూపించిందే అతను చూశాడు.

అందుకే మొన్న మా పిన్ని కూతురు నర్సుల కాన్ఫరెన్సుకి వచ్చినప్పుడు వేరే దారి పట్టాను. ట్రేడ్ సెంటర్ దగ్గరే రెడ్ లైన్ మెట్రో ఎక్కాం, ఆడవాళ్ళ పెట్టెలో. బుర్జుమాన్‌లో గ్రీన్ లైన్‌కి మారి అల్ ఘుబైబాలో దిగి, నడుచుకుంటూ క్రీక్ ఒడ్డుకి వెళ్ళాం. అక్కణ్ణుంచి దేరా వైపుకి అబ్రా. మనిషికి ఒక్క దిర్హామ్! చెక్క పడవలో మా పక్కన డ్యూటీ దిగి రూముకి పోతున్న కుర్రాళ్ళు. ఒకతను ఇంటికి వీడియో కాల్ చేసి బిడ్డకి నీళ్ళు చూపిస్తున్నాడు. మా చెల్లి కెమెరా బ్యాగులో పెట్టేసి అటే చూస్తూ కూర్చుంది.

ఒడ్డు దాటగానే మసాలా సూక్. కుంకుమపువ్వు, ఎండు నిమ్మకాయలు, సాంబ్రాణి. బేరం ఆడొచ్చు, వాసన చూడటం ఉచితం. తిరిగొచ్చేటప్పుడు అల్ ఫహీదీ పాత ఇళ్ళు చూపించండి. కరెంటు లేని రోజుల్లో పైన వీచే గాలిని పట్టి గదిలోకి దించడానికి కట్టిన బర్జీల్ గోపురాలు అక్కడున్నాయి. ఏసీ లేకుండా ఇక్కడ ఎలా బతికారో అప్పుడు అర్థమవుతుంది.

భోజనానికి మూడు కూరలు వండి అలసిపోకండి. కరామాలో మన ఆంధ్రా భోజనం దొరుకుతుంది. కానీ వచ్చినవాళ్ళకి ఇంటి తిండే మళ్ళీ ఎందుకు? హరీస్ తినిపించండి. గోధుమలు, మాంసం గంటలకొద్దీ ఉడికించి మెదిపే వంట. మన హైదరాబాద్ హలీమ్‌కి మూలం ఇదే. మాంసం తిననివాళ్ళకి ఖర్జూరపాకం పోసిన లుకైమాత్, కరక్ చాయ్ చాలు.

"అంత దూరం వచ్చి బుర్జ్ ఖలీఫా చూడకుండా పోతారా?" అంటారు. చూడనివ్వండి. 828 మీటర్ల భవనం కింద నిలబడి చూసినా కనిపిస్తుంది, దానికి టిక్కెట్ లేదు. పైకెక్కాలనుకుంటే వాళ్ళ డబ్బుతో ఎక్కుతారు. అది చెప్పడానికి మొహమాటపడకండి.

ఆ రాత్రి మెట్రోలో మా చెల్లి, "అక్కా, ఇంటద్దెకి ఎంత పోతుంది?" అనడిగింది. ఇన్నేళ్ళలో ఊరి నుంచి వచ్చినవాళ్ళెవరూ అడగని ప్రశ్న. నిజం చెప్పాను. స్కూలు ఫీజులు కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ఊరెళ్ళాక మా అమ్మతో, "పెద్దమ్మా, అక్క బాగా కష్టపడుతోంది, ఒకసారి రమ్మను, రెస్టు తీసుకుంటుంది" అందట.

ఈ సీజన్లో మీ ఇంటికొచ్చేవాళ్ళకి మీరుండే ఊరు చూపించండి. అబ్రాకి చిల్లర మాత్రం దగ్గరుంచుకోండి.