కుండీలు పంచే ముందు ఒక మాట



పోయిన ఆదివారం మీటింగులో నేను చెయ్యెత్తి "వద్దు" అన్నందుకు కొందరికి కోపం వచ్చినట్టుంది. మెట్లు దిగేటప్పుడు ఒక తమ్ముడు "రైల్వే బాబాయికి పచ్చదనం పడదు" అని నవ్వాడు కూడా. అక్కడ రెండు నిమిషాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే. బడిలో నేను చదివింది అరవం. తెలుగు అక్షరాలు మద్రాస్ మెయిల్ కిటికీలోంచి రేణిగుంట, కడప, గుంతకల్లు బోర్డులు చూసి కూడబలుక్కున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

తీర్మానం ఏమిటి? వార్షికోత్సవం రోజు ఇంటికి రెండు కుండీలు, కింద ప్లాస్టిక్ ప్లేటుతో సహా పంచాలి, గ్యాలరీలన్నీ పచ్చగా కనిపించేలా ఫోటో తీయించాలి. నేను వద్దన్నది మొక్కల్ని కాదు, ఆ ప్లేటుని. ఆ ప్లేటు ఏ రోజు ఎవరు కడుగుతారో రాసుకోకుండా పంచడాన్ని.

రెండేళ్ళ కిందట వానల్లో మా అంతస్తులో పదో క్లాసు పిల్లవాడికి డెంగ్యూ వచ్చింది, గుర్తుందా? ప్లేట్‌లెట్లు పడిపోయి ఆసుపత్రిలో ఉంటే రాత్రిళ్ళు వంతులేసుకుని కాపలా కూర్చున్నాం. తర్వాత పాలికా నుంచి దోమల మనిషి టార్చి పట్టుకుని వచ్చాడు. అందరం కింద గటరు వైపు చెయ్యి చూపించాం. ఆయన అటు చూడనే లేదు. గ్యాలరీ వెంట నడుస్తూ ఒక మనీప్లాంటు సీసా ఎత్తి వెలుగుకి పెట్టాడు. లోపల సన్నటి పురుగులు తోకలాడిస్తూ పైకీ కిందికీ పోతున్నాయి. ఆ సీసా మా ఇంటిది. పిల్లవాడి తల్లి పక్కనే నిలబడి ఉంది. ఆమె ఏమీ అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆ రోజు ఆయన చెప్పిందే చెబుతున్నాను. డెంగ్యూ దోమకి గటరు నీళ్ళు అక్కర్లేదు, మనం తాగే లాంటి శుభ్రమైన నిలవ నీళ్ళు చాలు. కుండీ కింద ప్లేటు, ఫ్రిజ్ వెనక ట్రే, మూత సరిగ్గా పడని డ్రమ్ము. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు. గుడ్లు నీళ్ళలో తేలవు, నీటి అంచుకి పైన గోడకి అతుక్కుంటాయి. నీళ్ళు పారబోసినా అవి చావవు, ఎండిపోయి నెలల తరబడి ఉండి మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. కాబట్టి వంచి పారబోస్తే చాలదు, వారానికి ఒకసారి పీచుతో గోడలు రుద్దాలి. ఈ రుద్దే పని గురించి మన తీర్మానంలో ఒక్క ముక్క లేదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. దోమలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ చూసింది మన సికిందరాబాదు బేగంపేటలో, 1897 ఆగస్టు 20న. 1911లో బెంట్లీ అనే డాక్టరు బొంబాయిలో మలేరియా ఎక్కడిదని వెతికితే మురికి కాలవల్లో కాదు, ఇళ్ళలోని బావుల్లో తేలింది. బావులు మూయమంటే జనం ఒప్పుకోలేదు, పూజలకు కావాలన్నారు. శుభ్రంగా కనిపించేదాన్ని అనుమానించడం మనుషులకి అప్పుడూ కష్టమే.

తోట అంటే ఆరోగ్యం అని మీరంటున్నారు. కాదనను. 1896లో ప్లేగు వచ్చాకే కదా 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టి, ఈ దాదర్, మాటుంగా వైపు వెడల్పు రోడ్లు, చెట్లు, తోటలు వేశారు. పార్సీ కాలనీ పక్కన ఫైవ్ గార్డెన్స్‌లో పొద్దున నడిచేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ ఊరు కట్టడానికి రాళ్ళు, మట్టి మోసిన కామాఠీలకు మాత్రం కామాటిపురా గల్లీల్లో చెట్టు నీడ కూడా దక్కలేదు. అందుకే మనకు తోట కావాలని నేనే గట్టిగా అడుగుతాను.

కానీ తోట దానంతట అదే ఆరోగ్యం ఇవ్వదు. రైలు పట్టాల పక్కన పాలకూర, ఎర్ర తోటకూర మళ్ళు చూశారు కదా. పంట ఎక్కువ పండించాలని రైల్వే తన ఖాళీ స్థలాలు ఉద్యోగులకి లైసెన్సు మీద ఇచ్చేది. ఆ కాయితాలు నా బల్ల మీదికీ వచ్చేవి. కాయితం మీద అంతా బాగుంది. మడికి పోసింది చాలాచోట్ల నాలా నీళ్ళు. ఆకు నవనవలాడుతూ ఉండేది, మా ఆవిడ మాత్రం ఇంటికి తేనిచ్చేది కాదు.

కొందరు టెర్రస్ మీద పెడదాం అన్నారు. పోర్ట్ ట్రస్టు వాళ్ళు తమ వంటశాల మేడ మీద పండ్లు, కూరలు పండించిన మాట నిజమే. అది వేరే స్లాబు. కామాటిపురాలో మా వియ్యంకులది సెస్ బిల్డింగు, కర్ర దూలాలు. 20 లీటర్ల పెయింటు డబ్బా నిండా తడి మట్టి అంటే 30 కిలోల దాకా తూగుతుంది. అక్కడ వద్దే వద్దు.

నా మాట ఇది. ఇంటింటికీ రెండు కుండీలు మానేసి, గేటు పక్కన ఎండ పడే చోట నేల మీదే ఒక ఉమ్మడి మడి కడదాం. డబ్బాలు పెడితే అడుగున చిల్లులు వేసి ఇటుకల మీద ఎత్తి పెడదాం, ప్లేట్లు వద్దు. గోంగూర, తోటకూర నెలా నెలన్నరలో కోతకొస్తాయి. బచ్చలి కమ్మీకి పాకిద్దాం. వానలు మొదలవగానే బంతి, గునుగు చల్లితే బతుకమ్మకి దాదర్ ఫూల్ మార్కెట్లో బేరమాడే బాధ కొంతైనా తగ్గుతుంది. ఆ పూలే మళ్ళీ ఎరువు.

డ్రమ్ముల సంగతి ఆడవాళ్ళ మీద వేయకండి. నీళ్ళు వచ్చే వేళలు మనం పెట్టినవి కావు, 160 చదరపు అడుగుల గదిలో డ్రమ్ము లేకుండా ఎవరు బతుకుతారు? డ్రమ్ముకి గుడ్డ కట్టడం, వారానికి ఒకసారి ఖాళీ చేసి రుద్దడం ఇంట్లో మగవాళ్ళు కూడా చేయాలి. అంతస్తుకి ఇద్దరు, ఆదివారం ఆదివారం వంతు. రైల్వేలో డ్యూటీ చార్టు మీద పేరు లేకపోతే సిగ్నలు దీపం కూడా వెలగదు.

ఇప్పుడే ఎందుకు ఇంత తొందర అంటారా? వర్లీ బీడీడీలో మొదటి విడత తాళాలు 2025 ఆగస్టులో ఇచ్చారు. మన వంతూ వస్తుంది. అక్కడ 500 చదరపు అడుగులు, తలుపు వేసుకుంటే ఎవరి లోకం వాళ్ళది. ఇక్కడ నా సీసాలో పురుగుంటే గ్యాలరీలో నలుగురికి కనిపిస్తుంది, నలుగురు తిడతారు. ఇరవయ్యో అంతస్తులో ఎవరు చూస్తారు, ఎవరు అడుగుతారు? వంతులు వేసుకునే అలవాటు ఇక్కడున్నప్పుడే పడాలి.

ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి, తిట్టినా సరే. చార్టు మెట్ల దగ్గర నోటీసు బోర్డుకి కట్టాను, పెన్ను కూడా వేలాడదీశాను. మొదటి ఆదివారానికి నా పేరు రాసుకున్నాను, నా పక్కన గడి ఖాళీగా ఉంది. ఏడున్నరకి పీచు, బకెట్టు పట్టుకుని గేటు దగ్గర ఉంటాను.