నెత్తురు మనది, పరిశోధన ఎవరిది?

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాదోల్‌లో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ జబ్బు నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. నలభై ఏళ్ల లోపు వాళ్లు ఏడు కోట్ల మందికి పరీక్ష చేస్తామన్నది. మన దేశంలో ఈ జబ్బు ఉన్నట్టు మొదట తెలిసింది 1952లో, నీలగిరి కొండల ఆదివాసుల్లో. ఆ తర్వాత మధ్య భారతంలోని ఆదివాసుల్లో, విదర్భ మహర్లలో, మన ఏజెన్సీ గూడేల్లో కూడా కనబడింది. డెబ్భై ఏళ్లకు పైగా మనవాళ్ల నెత్తురు సూదితో తీసి లాబుల్లోకి తీసుకుపోతున్నారు. పరీక్ష వద్దని మేం అనం. చేయించుకోవాలనే అంటాం. మేం అడిగేది ఒక్కటే: శాంపిల్ ఇచ్చే చెయ్యి మనదైనప్పుడు, ఆ శాంపిల్‌ని పరిశోధించే చేతుల్లో మనవి ఎన్ని?

ముందు ఈ జబ్బు సంగతి తెలుసుకుందాం. తెలియకపోతే మోసపోయేది మనమే.

నెత్తుటి ఎర్రకణంలో ప్రాణవాయువును మోసే పదార్థం హిమోగ్లోబిన్. ఒక్కో హిమోగ్లోబిన్ అణువులో నాలుగు గొలుసులుంటాయి. నాలుగింట్లో కలిపి 574 పూసలు. ఈ పూసల్నే అమైనో ఆమ్లాలంటారు. సికిల్ జబ్బులో రెండు గొలుసుల్లో ఆరో పూస మారిపోతుంది. అంటే 574లో మారేది రెండే రెండు. అక్కడ ఉండాల్సిన గ్లుటమిక్ ఆమ్లం నీళ్లతో కలిసే రకం. దాని స్థానంలో వచ్చిన వాలిన్ నూనె రకం, దానికి నీళ్లు పడవు. అణువు ప్రాణవాయువును వదిలిపెట్టగానే ఈ వాలిన్ పక్క అణువు మీదున్న గుంటలో పోయి కూచుంటుంది. అణువుకు అణువు అతుక్కుని తాడు పేనినట్టు పోగులవుతాయి. గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన కణం కొడవలిలా వంగి సన్న నరాల్లో ఇరుక్కుంటుంది. ఎముకలు పిండినట్టు నొప్పి వచ్చేది అందుకే. 120 రోజులు బతకాల్సిన కణం పది ఇరవై రోజులకే చస్తుంది. అణువులు ఎలా అతుక్కుంటాయి, ఎంత బలంగా, ఎంత సేపట్లో అని కొలిచే శాస్త్రం జీవభౌతికశాస్త్రం.

అది పెద్దోళ్ల చదువు, మనకెందుకు అంటారా? వినండి. 1970లలో అమెరికాలో విలియం ఈటన్, జేమ్స్ హాఫ్‌రిక్టర్ అనే శాస్త్రవేత్తలు ఈ పోగులు పుట్టడానికి పట్టే సమయాన్ని కొలిచారు. ఆ లోపల కణం సన్న నరాన్ని దాటిపోతే మనిషికి నొప్పి తప్పుతుంది. దాటకపోతే ఇరుక్కుంటుంది. కణంలో హిమోగ్లోబిన్ కాస్త చిక్కబడినా పోగులు ఎన్నో రెట్లు తొందరగా పుడతాయని తేలింది. ఒంట్లో నీళ్లు తగ్గితే కణం చిక్కబడుతుంది. మరి ఎర్రటి ఎండలో, తాగే నీళ్లు దొరకని చేలో, పొద్దంతా వంగి మిరపకాయ కోసే కూలితల్లికి ఆ జబ్బు ఉంటే ఈ లెక్క ఆమె చావుబతుకుల లెక్క కాదా? పని ఎగ్గొట్టడానికి నాటకమాడుతున్నారన్న ఆసామికీ, చేతబడి అన్న మంత్రగాడికీ, పోయిన జన్మ పాపమన్న పూజారికీ ఈ సైన్సే జవాబు. ఒక జన్యువులోనే మార్పున్న వాళ్లను, అంటే తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే అది వచ్చిన వాళ్లను, మలేరియా అంత తొందరగా చంపలేదు. అందుకే మలేరియా పీడించిన నేలల్లో ఈ మార్పు నిలిచిపోయింది. ఇందులో పాపమూ లేదు, కులదోషమూ లేదు.

ఇది అణువు జబ్బు అని మొదట నిరూపించిన వాళ్లలో ఒక కుర్రవాడి కథ మన పిల్లలకు చెప్పాలి. పేరు హార్వే ఇటానో. అమెరికాకు వలసొచ్చిన జపాన్ వాళ్ల కొడుకు. 1942లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదటివాడిగా నెగ్గి పతకం గెలిచాడు. పతకం ఇచ్చే రోజున ఆయన సభలో లేడు. జపాన్‌తో యుద్ధమని చెప్పి, జపాన్ మూలాలున్న దాదాపు 1,20,000 మందిని ముళ్లకంచెల వెనక నిర్బంధించారు. ఆ కంచె వెనకే ఇటానో ఉన్నాడు. అదే ఏడు బయటికొచ్చి వైద్యం చదివాడు. ఆ తర్వాత లైనస్ పౌలింగ్ దగ్గర పరిశోధక విద్యార్థిగా చేరి, విద్యుత్ క్షేత్రంలో మామూలు హిమోగ్లోబిన్, సికిల్ హిమోగ్లోబిన్ వేరువేరుగా కదులుతాయని చూపించాడు. 1949లో పౌలింగ్, సింగర్, వెల్స్‌లతో కలిసి అచ్చువేయించిన ఆ వ్యాసం వైద్యశాస్త్రాన్నే మార్చింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు.

మెరిట్ మెరిట్ అని మన ముందు పాట పాడేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి. ఇటానోకు మెరిట్ తక్కువయ్యిందా? పతకం ఆయనదే, కంచె కూడా ఆయనకే. ఆ కంచె దాటి బయట పడకపోతే ఆ వ్యాసంలో ఆయన పేరుండేదా?

మన పిల్లల కంచె కంటికి కనబడదు. ఎమ్మెస్సీ అయ్యాక నెట్ రాయాలి. పీహెచ్‌డీకి ఐదారేళ్లు. ఆ తర్వాత పోస్ట్‌డాక్ పేరుతో ఇంకొన్నేళ్లు. ఉద్యోగం దొరికేసరికి ముప్పై అయిదు. 2023 జనవరి 1 నుంచి జూనియర్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. కాగితం మీద బాగానే ఉంది. అది నెలనెలా వస్తుందా? లాబుల్లో ఉన్న మన పిల్లల్నే అడగండి. ఫెలోషిప్ ఆగిన నెలల్లో, ఊళ్లో పొలమూ పట్నంలో ఇల్లూ ఉన్నోడు ఓపిక పడతాడు. ఆ డబ్బులోంచే చెల్లెలి ఫీజు, అమ్మ మందులు పంపే మాలమాదిగ పిల్లగాడు ఏం చేస్తాడు? ప్రయోగం సగంలో వదిలి ట్యూషన్లకు పోతాడు. అప్పుడు వీళ్లకు సైన్సంటే ఆసక్తి లేదంటారు.

ఈ బాధ బాబాసాహెబ్ పడ్డదే. 1917లో బరోడా స్కాలర్‌షిప్ గడువు అయిపోయిందని లండన్ చదువు సగంలో ఆపి వెనక్కి రావలసి వచ్చింది. 1920లో మళ్లీ పోయి పూర్తి చేశాడు. అది ఆయన మరిచిపోలేదు. 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉండి ఇచ్చిన విజ్ఞాపనలో సైన్సు, సాంకేతిక విద్య చదివే దళిత పిల్లలకు స్కాలర్‌షిప్పులు కావాలని, విదేశాలకు కూడా పంపాలని ప్రత్యేకంగా అడిగాడు. గుమాస్తా ఉద్యోగాలతో సరిపెట్టుకోలేదు. లాబ్ తలుపు తెరవమన్నాడు.

తలుపు తెరిచారా? హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం పీహెచ్‌డీలో చేరిన సెంథిల్ కుమార్‌కు గైడును ఇవ్వలేదు. 2008లో అతను చనిపోయాడు. అక్కడే, సైన్సు రచయిత కావాలనుకున్న రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. తనకు ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు, రావలసి ఉందని చివరి ఉత్తరంలో రాసిపోయాడు. ఇక 2019లో కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక రిజర్వేషన్ల చట్టం తెచ్చారు. అందులోనే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, జవహర్‌లాల్ నెహ్రూ అడ్వాన్స్‌డ్ సైంటిఫిక్ రీసెర్చ్ సెంటర్ లాంటి సంస్థల జాబితా వేసి, వీటికి ఈ చట్టం వర్తించదన్నారు. జీవభౌతిక పరిశోధన జరిగే చోట్లలో ఇవీ ఉన్నాయి. శ్రేష్ఠమైన సంస్థలట! అంటే మనం అడుగుపెడితే శ్రేష్ఠత మైలపడుతుందనా?

మా డిమాండ్లు ఇవి:

1. ఫెలోషిప్ ప్రతి నెలా మొదటి వారంలో ఇవ్వాలి. ఢిల్లీ నుంచి రాకపోతే సంస్థే ముందు చెల్లించాలి.

2. పీహెచ్‌డీలో చేరిన ప్రతి విద్యార్థికీ గడువులోగా గైడును ఇవ్వాలి. ఇవ్వకపోతే బాధ్యత విభాగాధిపతిదే.

3. 2019 చట్టంలోని మినహాయింపుల జాబితాను రద్దు చెయ్యాలి.

4. ఏ గూడెంలో నెత్తురు తీస్తే ఆ గూడేనికి ఫలితం వాళ్ల భాషలో చెప్పాలి. ఆ ప్రాంతపు పిల్లలకు ఆ పరిశోధనలోనే చోటివ్వాలి.

మనవైపు నుంచి చెయ్యాల్సిందీ ఉంది. సికిల్ పరీక్షకు అందరూ పోవాలి. తల్లీతండ్రీ ఇద్దరిలోనూ ఈ మార్పుంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బొచ్చే అవకాశం ఉంది. పెళ్లికి ముందే తెలుసుకోవాలి. కానీ కార్డు చూపి ఆడపిల్లను వెలివేస్తే సంఘం ఊరుకోకూడదు. పీహెచ్‌డీలో ఉన్న పిల్లల్ని 'ఇంకా ఎన్నాళ్లు చదువుతావురా' అని మనమే వెనక్కి లాగొద్దు. ఫెలోషిప్ ఆగిన నెలల్లో ఆదుకోవడానికి ప్రతి మండల సంఘం ఒక నిధి పెట్టుకోవాలి. పోస్టర్లకూ మైకులకూ చందాలెత్తగలిగిన మనం, లాబ్‌లో నిలబడ్డ మన బిడ్డకు రెండు నెలల మెస్ బిల్లు కట్టలేమా? వచ్చే మీటింగుల్లో ఈ విషయం ఎజెండాలో పెట్టండి.