అసలు చిత్రము - అచ్చు చిత్రము

మన పాఠశాల గోడలపై బొమ్మలకు కొదువ లేదు. దేశనాయకుల పటములు, శరీరభాగముల పటములు, కొట్లవారిచ్చిన క్యాలెండర్లు, అన్నియు అచ్చు ప్రతులే. ఇప్పుడు సెల్‌ఫోనునందు ప్రపంచములోని ప్రసిద్ధ చిత్రములన్నియు నిమిషములో కానవచ్చును. ఇంత సౌలభ్యముండగా, చిత్రకారుడు స్వహస్తముతో వ్రాసిన అసలు చిత్రమును చూచుటకు ఊరు విడిచి పోనేల యని గత సంవత్సరము మా తరగతి విద్యార్థి యొకడు మమ్మడిగెను. అప్పుడు మేము సరియైన యుత్తర మీయలేకపోతిమి. ఆ బాకీ తీర్చుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నీటిరంగు చిత్రమునే ఉదాహరణముగా గైకొందము. తైలవర్ణ చిత్రమునందు పొరపాటు జరిగినచో దానిపై మరియొక పూత పూసి కప్పవచ్చును. నీటిరంగునందు ఆ వెసులుబాటు మిక్కిలి తక్కువ. పలుచని రంగు తన క్రిందనున్న గీతను దాచదు. వెలుగు కావలసిన చోట తెల్లరంగు పూయుటకు మారుగా, తరచుగా కాగితమునే విడిచిపెట్టుదురు. కావున వరిచేలో వ్రాలిన కొంగ రెక్క ఎచ్చట నుండవలెనో కుంచె తడుపకమునుపే చిత్రకారుడు నిశ్చయించుకొనవలెను. తడి కాగితముపై రంగు తనంతట తానే ప్రాకును; దానిని ఎచ్చట ఆపవలెనో, ఎచ్చట పోనీయవలెనో తెలిసికొనుటయే ఆ విద్యలోని మర్మము.

అసలు చిత్రము నెదుట నిలిచి చూచినవారికి కాగితపు గరుకులో నిలిచిన రంగురేణువులు, పూత అంచున చిక్కబడిన రేఖ, ముందు గీచుకొన్న పెన్సిలు జాడ కనుపడును. ఒక మనుష్యుడు ఇచ్చట సంకోచించెను, ఇచ్చట సాహసించెను అని మనకు తెలియును. అచ్చునందు ఇవి యన్నియు సన్నని చుక్కలలో కలిసిపోవును. ఫోనునందు గోడయంత చిత్రమును, అరచేతియంత చిత్రమును ఒకే కొలతలో నుండును. అచ్చు ప్రతి చిత్రము యొక్క వార్తను తెచ్చును, చిత్రమును తేజాలదు.

ఆంగ్లదేశమున 18వ శతాబ్దము చివరినుండి నీటిరంగు చిత్రకళ విశేష ప్రచారము పొందెను. టర్నరు (1775-1851) వంటి మహాచిత్రకారులు దానికి గౌరవము తెచ్చిరి. మన దేశమునకు వచ్చిన ఆంగ్లేయులు పలువురు రంగులపెట్టెను వెంట తెచ్చుకొనిరి. వారిలో తెలుగువారు మరువరాని యొకరు ఆస్వాల్డ్ కూల్డ్రే (1882-1958). ఆయన 1909 మొదలు 1919 వరకు రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా నుండెను. నీటిరంగులతో చిత్రములు వ్రాసెను. ఈ సీమను గూర్చి ఆంగ్లమున గ్రంథమును రచించెను. అయినను ఆయన మనకు చేసిన పెద్ద మేలు తాను వ్రాసిన చిత్రములలో లేదు. మనవారి పిల్లలు వ్రాసిన బొమ్మలను ఆగి చూచుటలో నున్నది.

1897లో జన్మించిన దామెర్ల రామారావుగారి ప్రజ్ఞను ఆయన విద్యార్థిదశయందే గుర్తించి ప్రోత్సహించినవాడు ఈ కూల్డ్రేయే. ఆయన తోడ్పాటుతో రామారావుగారు 1916లో బొంబాయి జె. జె. చిత్రకళాశాలకు వెళ్లిరి. తిరిగివచ్చి స్వస్థలమున చిత్రకళ నేర్పుటకు పూనుకొనిరి. 1925లో మశూచికము ఆయనను ఇరువదియెనిమిది యేండ్లు నిండకుండనే కొనిపోయెను. ఆయన చేతి చిత్రములను నేటికిని రాజమహేంద్రవరపు చిత్రశాలలో చూడవచ్చును. కూల్డ్రే శిష్యులలో అడివి బాపిరాజుగారును ఒకరు. ఆయన పిమ్మట మన బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలయందు ప్రమోదకుమార చటర్జీగారివద్ద చిత్రకళ నభ్యసించి, అనంతరము అదే కళాశాలకు అధ్యక్షులైరి. ఒక ఉపాధ్యాయుని చూపు ఎంత దూరము ప్రసరించెనో గమనింపుడు.

ఇక మా తప్పు చెప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట మేము లెక్కలు చెప్పుచుండగా ఆరవతరగతి బాలుడొకడు పుస్తకము వెనుక పుటపై నీటిరంగులతో కాలువగట్టు వ్రాయుచుండెను. మేము కోపించి ఆ పుటను చించి బల్లసొరుగులో పడవేసితిమి. బాలుడు మారు పలుకలేదు. సాయంకాలము తీసి చూచితిమి. కాలువనీటిపై ఎండ మెరయు చోట రంగు వేయక తెల్లకాగితమును విడిచియుండెను. ఎవరును నేర్పని విద్య! మరునాడు ఇత్తమనుకొంటిమి, ఇయ్యలేదు. వానకాలపు చెమ్మకు రంగులు కరగి పుట సొరుగునకంటుకొనిపోయెను. బాలుడు తన పాఠము నేర్చుకొని వేరొక ఊరికి వెళ్లెను. ఆ చిత్రమునకు అచ్చు ప్రతి లేదు.

"బొమ్మలు కూడు పెట్టునా?" యని తలిదండ్రులడుగుదురు. అందరికిని పెట్టవు. కాని ఆకు ఈనెలను చూచి గీచిన బాలుడు వృక్షశాస్త్రమును మరువడు. చూచిన దానిని చూచినట్లు నమోదు చేయుట వైద్యునికిని, వడ్రంగికిని, రైతునకును కావలసిన గుణమే. శిక్షణ కళాశాలలో మేము నేర్చిన కాలనిర్ణయ పట్టికలో చిత్రలేఖనమునకు గంట కలదు. పరీక్షలు సమీపింపగానే ఆ గంటను మేమే గణితమునకు ధారపోయుదుము. ఈ యలవాటు మానవలెను.

కావున మా విన్నపములు మూడు. ఏటికొకసారి పైతరగతుల పిల్లలను రాజమహేంద్రవరపు చిత్రశాలకు తీసికొనిపోవలెను. చిత్రలేఖనపు గంటను చిత్రలేఖనమునకే ఉంచవలెను. పిల్లలు వ్రాసిన మంచి చిత్రములను పేరు, తేదీ వేసి, ఎండయు చెమ్మయు సోకని పెట్టెలో భద్రపరుపవలెను. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో మన దివిసీమవారు ఎన్ని ప్రాణములను, ఇండ్లను పోగొట్టుకొనిరో పెద్దలెరుగుదురు. ఆ ఇండ్లతోపాటు గోడలమీది పటములును పోయినవి. పోయినవారి రూపమును చూపు కాగితము ఒక్కటియు మిగులని కుటుంబముల వారికి, ఒకే ఒక్క ప్రతి యనగా నేమో మేము చెప్పనక్కరలేదు.

మమ్మడిగిన విద్యార్థీ! అసలు చిత్రమును చూచుటకు ఊరు విడిచి పోవలసినదే. అయితే తిరిగివచ్చిన పిమ్మట నీ ప్రక్కబల్లమీద కూర్చున్నవాని పుస్తకములోనికి కూడ ఒకసారి చూడుము. అచ్చటను అసలు చిత్రమే యుండవచ్చును. మేమును చూచెదము, ఈసారి చింపము.