పంది ఎప్పుడు మనదైంది?

పోయిన శనివారం రాత్రి బిర్యానీ ఆర్డర్ పెట్టి, అది వచ్చేలోపు ఏదైనా చదువుదామని ఫోన్ తీశా. పంది దగ్గర ఇరుక్కుపోయా. అడవిపంది ఊరపంది ఎప్పుడైంది? రోజూ కోడ్ రాసేవాణ్ని కదా, జవాబు ఒక తేదీగా వస్తుందనుకున్నా.

రాలేదు.

ఆగ్నేయ టర్కీలో హల్లన్ చెమి అని ఓ పాత ఊరి దిబ్బ. దాదాపు పదకొండున్నర వేల ఏళ్ల నాటిది. డ్యామ్ నీళ్లలో మునిగిపోతుందని 1990ల్లో హడావుడిగా తవ్వారు. అక్కడి పంది ఎముకల్ని రిచర్డ్ రెడింగ్ చూశాడు. పళ్లు ఏ వరసలో వచ్చాయో, ఎంత అరిగాయో చూస్తే చచ్చేనాటికి పంది వయసెంతో తెలుస్తుంది. కోరపన్ను చూస్తే ఆడో మగో తెలుస్తుంది. అక్కడ లేత వయసులోనే చంపినవి ఎక్కువ, వాటిలో మగవి ఎక్కువ. పెంచేవాళ్లు చేసే పని అదే కదా! ఆడవాటిని పిల్లల కోసం ఉంచుకుని మగపిల్లల్ని కోస్తారు. కాబట్టి ఇది పెంపకమే అన్నారు.

మిగతావాళ్లు ఒప్పుకోలేదు. పంది ఒక్క ఈతలో బోలెడు పిల్లల్ని పెడుతుంది, వేటగాడికైనా దొరికేది ముందు పిల్లలే కదా అన్నారు. పైగా పళ్లు అడవిపంది పళ్లలాగే పెద్దవి. పెంపుడు పందికి తరాలు గడిచేకొద్దీ మూతి పొట్టిదై, కింది దవడలోని చివరి దంతం కూడా చిన్నదవుతుంది. ఇప్పుడు చాలామంది హల్లన్ చెమివి వేటాడిన పందులే అంటున్నారు.

అయితే పన్ను మారకపోతే పెంపకం లేనట్టేనా? రెడింగ్, రోజెన్‌బర్గ్ న్యూగినీ ఊళ్లను గుర్తుచేశారు. అక్కడ మగవాటికి వృషణాలు తీసేస్తారు, ఆడవి అడవికెళ్లి అడవి మగపందితో కలిసి వస్తాయి. మనిషి పెంచుతున్నాడు, రక్తం మాత్రం అడవిదే.

నాకు బాగా నచ్చింది చాయోను. అదీ ఆ ప్రాంతమే, దియార్‌బకిర్ దగ్గర. 1964 నుంచి తవ్వారు. వెయ్యేళ్లకు పైగా జనం ఉన్న చోటు కాబట్టి పొరల మీద పొరలు. పైకొచ్చేకొద్దీ పళ్లు కొంచెం కొంచెం చిన్నవవుతాయి, చంపే వయసూ తగ్గుతూ వస్తుంది. ఇదిగో ఇక్కడ మారింది అని వేలు పెట్టి చూపించే పొర మాత్రం లేదు.

ఇది చదువుతుంటే కడుపులో ఏదో కదిలింది. నిరుడు ఆఫీసులో అనుమానాస్పద ఖాతాలు పట్టే ప్రోగ్రామ్‌కి గీత గీసింది నేనే. ఇంత దాటితే దొంగ, లోపలుంటే దొర. పండగ గిరాకీతో ఆ గీత దాటిన ఓ కిరాణా కొట్టాయన ఖాతా రెండు రోజులు ఆగిపోయింది. ఆయన సరుకు డబ్బు అందులోనే ఉంది. అంకె మార్చి, సారీ మెయిల్ పంపాం. ఏ అంకె పెట్టినా ఇంకో కొట్టాయన తగులుతాడని అప్పుడు నాకు తట్టలేదు.

సైప్రస్ దీవిది ఇంకో కథ. అక్కడ సహజంగా అడవిపందులు లేవు. ఇప్పటి లెక్కన టర్కీ తీరానికి మధ్య 70 కిలోమీటర్ల సముద్రం. అయినా అక్రోతిరి దగ్గర దాదాపు పదకొండున్నర వేల ఏళ్ల నాటి పంది ఎముకలు దొరికాయి. అంటే ఎవరో బతికున్న పందుల్ని కాళ్లు కట్టో, బతిమాలో పడవెక్కించారు. పెంపుడువి అనడానికి ఎముకల్లో సాక్ష్యం లేదు.

ఆ పడవలో పందిని నా ప్రోగ్రామ్ ఏ కాలమ్‌లో వేసేదో ఆలోచిస్తున్నా. డెలివరీ అబ్బాయి మూడోసారి ఫోన్ చేస్తున్నాడు.