చందా రైతుది, పెత్తనం ఎవరిది?

ఆదిలాబాద్ నల్లరేగడిలో పండిన పత్తి తిరుప్పూరులో టీషర్టుగా మారి అమెరికా రేవులో దిగిందనుకుందాం. అక్కడి దిగుమతిదారు కస్టమ్స్ సుంకంతో పాటు మరో చిన్న మొత్తం కూడా చెల్లించాలి. చొక్కాలో ఉన్న పత్తి ఎంతో లెక్కగట్టి వసూలు చేసే ఆ సొమ్ము ప్రభుత్వ ఖర్చులకు పోదు. పత్తి మీద పరిశోధనకూ, పత్తి బట్టలే కొనండని చెప్పే ప్రకటనలకూ వెళుతుంది. అమెరికా పత్తి రైతు కూడా బేలుకు ఒక డాలరు, దానిపైన సరుకు విలువలో కొంత వంతు ఇదే నిధికి కడతాడు. కట్టనంటే కుదరదు, చట్టం ఒప్పుకోదు.

ఈ ఏర్పాటును అక్కడ చెకాఫ్ అంటారు. 1966లో పత్తికి వచ్చిన చట్టం ఇలాంటి పాత చట్టాల్లో ఒకటి. ఆ తర్వాత గుడ్లు, పాలు, బీఫ్, పోర్క్, పుట్టగొడుగులు, బ్లూబెర్రీ, అవకాడో, మామిడి... ఇలా 20కి పైగా సరుకులకు ఈ పద్ధతి పాకింది. మన దగ్గర పసుపు బోర్డు వచ్చింది. మామిడికీ, మిర్చికీ బోర్డులు కావాలన్న మాట తరచూ వినిపిస్తోంది. పంటను దేశవిదేశాల్లో ప్రచారం చేయాలంటే డబ్బు కావాలి, ఆ డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్న నేడో రేపో మన ముందుకూ వస్తుంది. అందుకే అమెరికా అనుభవాన్ని ఇప్పుడే చదువుకోవాలి. అక్కడి చట్టాలు వసూలు విషయంలో ఎంత పకడ్బందీగా ఉన్నాయో, రైతుకు ఉండాల్సిన కాదనే హక్కు విషయంలో అంత వదులుగా ఉన్నాయి.

నిర్బంధం ఎందుకు?

చెకాఫ్‌ను సమర్థించేవారి వాదనలో బలముంది. మామిడి తినండని ఒక తోట యజమాని సొంత డబ్బుతో ప్రకటన వేస్తే, లాభం పక్క తోటకూ పోతుంది. ఎవరి పండైనా మార్కెట్లో ఒక్కటే కాబట్టి, ఖర్చు పెట్టినవాడి కంటే తేరగా లాభపడినవాడే తెలివైనవాడవుతాడు. చివరికి ఎవరూ ఖర్చు పెట్టరు. అందరి దగ్గరా కొద్దికొద్దిగా తీసుకుంటేనే పని జరుగుతుంది.

మరి అందరినీ కట్టమన్నప్పుడు ఆ డబ్బుకు కాపలా ఉండాలి. 1996లో అమెరికా కాంగ్రెస్ చేసిన సాధారణ చట్టం ఈ కాపలాకు ఒక నమూనా. దానివల్ల ప్రతి పంటకూ విడిగా చట్టం చేయాల్సిన పని తప్పింది. పరిశ్రమ ప్రతిపాదిస్తే వ్యవసాయ శాఖ ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు విని, ఉత్తర్వు ఇస్తుంది. బోర్డు సభ్యుల పేర్లను పరిశ్రమ సూచిస్తుంది, వ్యవసాయ మంత్రి నియమిస్తారు. బడ్జెట్, ఒప్పందాలు, ప్రకటనలోని మాటలు అన్నీ శాఖ ఆమోదం పొందాలి. ఆ పర్యవేక్షణ ఖర్చు కూడా బోర్డే భరిస్తుంది. ప్రభుత్వ విధానాలను ప్రభావితం చేయడానికి ఈ డబ్బులో పైసా వాడకూడదు. ఇతర పంటలను కించపరచకూడదు. చిన్నవారికి మినహాయింపు ఉంది: ఏడాదికి 5 లక్షల పౌన్ల లోపు మామిడి తెచ్చే దిగుమతిదారు, గుడ్లకు విడిగా ఉన్న చట్టం కింద 75 వేల లోపు కోళ్లున్న రైతు కట్టక్కర్లేదు. ఏడేళ్లకు మించకుండా రెఫరెండం పెట్టి, పథకం ఉండాలా వద్దా అని చెల్లింపుదారులనే అడగాలి.

కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. చిక్కు ఆచరణలో ఉంది. మొదట అది కోర్టుల్లో బయటపడింది.

కోర్టు చెప్పిన విచిత్ర న్యాయం

నాకు నచ్చని ప్రకటనకు నా చేత బలవంతంగా డబ్బు కట్టించడం భావ ప్రకటన స్వేచ్ఛకు విరుద్ధం కాదా? ఎనిమిదేళ్లలో మూడుసార్లు అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఈ ప్రశ్న వచ్చింది. 1997లో కాలిఫోర్నియా పీచ్, ప్లమ్ పండ్ల వ్యాపారులు ఓడిపోయారు. ఆ పండ్ల అమ్మకం మొత్తం ప్రభుత్వ నియంత్రణలో ఉంది కాబట్టి, ప్రకటనల ఖర్చు అందులో ఒక భాగమేనని 5-4 తేడాతో తీర్పు వచ్చింది. 2001లో పుట్టగొడుగుల కేసు. యునైటెడ్ ఫుడ్స్ అనే సంస్థ తన సరుకు మేలైనదని చెప్పుకోవాలనుకుంది. పుట్టగొడుగులన్నీ ఒక్కటే అన్నట్టుండే ప్రకటనకు తానెందుకు కట్టాలని అడిగింది. ఇక్కడ ప్రచారం తప్ప వేరే నియంత్రణ ఏదీ లేదు కాబట్టి నిర్బంధ వసూలు చెల్లదని కోర్టు 6-3తో చెప్పింది.

నాలుగేళ్లకు, 2005లో, బీఫ్ కేసులో గాలి మళ్లింది. పశువుకు ఒక డాలరు చొప్పున కట్టే రైతుల్లో కొందరు, ఈ ప్రకటనలు దిగుమతి మాంసానికీ మేలు చేస్తున్నాయని అభ్యంతరం చెప్పారు. జస్టిస్ స్కాలియా రాసిన 6-3 తీర్పు ప్రకారం ఆ ప్రకటనలు రైతులవి కావు, ప్రభుత్వానివి. ప్రభుత్వం తన మాట చెప్పడానికి పన్ను వేయవచ్చు, దానికి పౌరుడి సమ్మతి అక్కర్లేదు. ప్రకటనల్లో మాత్రం డబ్బు ఇచ్చింది అమెరికా బీఫ్ రైతులని ఉంటుంది. మాట ప్రభుత్వానిదైతే ఆ సంగతి జనానికి తెలియాలి కదా అని జస్టిస్ సూటర్ అసమ్మతి తీర్పులో నిలదీశారు.

మూడు తీర్పులనూ పక్కపక్కన పెడితే ఒక వైపరీత్యం కనిపిస్తుంది. ప్రభుత్వ పట్టు ఎంత బిగిస్తే చెకాఫ్ అంత భద్రం. రైతులు స్వతంత్రంగా నడుపుకుంటే రాజ్యాంగం ముందు బలహీనం. రైతుల సొంత పథకమని చెప్పి మొదలుపెట్టిన దాన్ని నిలబెట్టుకోవడానికి, ఇది రైతులది కాదు సర్కారుది అని కోర్టులో వాదించాల్సి వచ్చింది. గెలిచింది పథకమే. దాని మీద తమకు యాజమాన్యం ఉందన్న రైతుల నమ్మకం ఓడింది.

ఓటు వేసినా ఆగలేదు

పోర్క్ ఉదంతం ఇంకా సూటిగా ఉంటుంది. 1998 చివర్లో అమెరికాలో పందుల ధర పౌనుకు పది సెంట్ల స్థాయికి పడిపోయింది. ఏళ్ల తరబడి ప్రచారానికి కడుతున్నా తమకు మిగిలిందేమిటని చిన్న రైతులు సంతకాలు సేకరించి రెఫరెండం సాధించారు. 2000లో జరిగిన ఓటింగ్‌లో దాదాపు 53 శాతం మంది పథకం వద్దన్నారు. 2001 జనవరిలో వ్యవసాయ మంత్రి డాన్ గ్లిక్‌మన్ రద్దు ప్రకటించారు. అదే నెలలో ప్రభుత్వం మారింది. కొత్త మంత్రి ఆన్ వెనెమన్ ఫిబ్రవరిలో పోర్క్ ఉత్పత్తిదారుల మండలితో రాజీ కుదుర్చుకుని పథకాన్ని కొనసాగించారు. అది నేటికీ నడుస్తోంది.

బీఫ్‌కు 1996 సాధారణ చట్టం కాదు, అంతకుముందే వచ్చిన విడి చట్టం వర్తిస్తుంది కాబట్టి అక్కడ అసలు ఓటు దాకా రావడమే కష్టం. 1988లో రైతులు దాదాపు 79 శాతం మద్దతుతో పథకాన్ని ఆమోదించారు. మళ్లీ ఓటు కావాలంటే 10 శాతం ఉత్పత్తిదారులు సంతకాలు చేయాలి. దేశమంతా చెదిరి ఉన్న లక్షల మంది పశువుల రైతుల్లో అన్ని సంతకాలు కూడగట్టడం మాటలు కాదు. 2020-21లో జరిగిన ప్రయత్నం గడువు పెంచినా లక్ష్యం చేరలేదు. 1988లో ఓటేసిన వారిలో చాలామంది ఇప్పుడు ఆ వృత్తిలోనే లేరు. వారి సమ్మతిని మాత్రం వారి పిల్లలు మోస్తున్నారు.

వాపసు హక్కుదీ ఇదే కథ. పత్తి చట్టంలో మొదట నచ్చని రైతు తన సొమ్మును తిరిగి అడిగి తీసుకునే వీలుండేది. 1990 సవరణ ఆ తలుపు మూసింది, దిగుమతుల మీద వసూలునూ తెచ్చింది. నిధి స్థిరపడింది. కానీ వాపసు కోరే వారి సంఖ్య ఏ ఓటింగ్ కంటే నిక్కచ్చిగా రైతు మనసు చెప్పే కొలమానం. అది పోయింది.

కాదనే హక్కు బలహీనపడితే కాపలా కూడా సడలుతుంది. బీఫ్ బోర్డు నుంచి పెద్ద కాంట్రాక్టులు అందుకునేది జాతీయ పశు పెంపకందారుల సంఘం. అదే సంఘం వాషింగ్టన్‌లో విధానాల కోసం లాబీయింగ్ చేస్తుంది. రెండు ఖాతాలూ వేరని అంటారు. అయినా 2010లో జరిగిన సమీక్షలో చెకాఫ్ ఖాతాకు రాయకూడని ఖర్చులు బయటపడి, ఆ సంఘం 2 లక్షల డాలర్లకు పైగా తిరిగి కట్టింది. 2015లో గుడ్ల బోర్డు ఈమెయిళ్లు బయటికొచ్చాయి. గుడ్డు లేని మయోనైజ్ అమ్మే ఒక చిన్న కంపెనీని దెబ్బతీయడానికి బోర్డు పెద్దలు చేసిన మంతనాలు వాటిలో ఉన్నాయి. ఆ ప్రవర్తన తగనిదని వ్యవసాయ శాఖ మరుసటి ఏడాది తేల్చింది. లాబీయింగ్ సంస్థలకు చెకాఫ్ కాంట్రాక్టులు ఇవ్వకూడదని, లెక్కలు బయటపెట్టాలని కోరే బిల్లును రెండు పార్టీల సెనేటర్లు, మైక్ లీ, కోరీ బుకర్, 2017 నుంచి పదేపదే తెస్తున్నా చట్టం కాలేదు.

లాభం ఎవరి జేబులోకి?

ప్రచారం పనిచేస్తుందా? పనిచేస్తుందనే చెప్పాలి. కార్నెల్ ఆర్థికవేత్త హ్యారీ కైజర్ 2014లో చేసిన అధ్యయనం, బీఫ్ చెకాఫ్‌లో ఒక్కో డాలరుకు 11.20 డాలర్లు తిరిగొచ్చాయని లెక్కగట్టింది. ఇలాంటి అధ్యయనాలను బోర్డులే చేయించుకుంటాయన్న విమర్శ ఉంది. 1976 తర్వాత అమెరికాలో తలసరి బీఫ్ వినియోగం బాగా తగ్గిన మాటా నిజమే. ప్రచారం లేకుంటే ఇంకా తగ్గేదని ఆర్థికవేత్తలు జవాబిస్తారు. అది తోసిపుచ్చదగ్గ వాదన కాదు.

అసలు ప్రశ్న పెరిగిన రాబడి ఏ చేతిలో ఆగుతుందన్నది. అమెరికాలో మాంసానికి వెళ్లే మేలు రకం పశువుల్లో దాదాపు 85 శాతాన్ని నాలుగు కంపెనీలే కోస్తాయి. కొనేవాడు నలుగురిలో ఒకడైనప్పుడు, దుకాణంలో గిరాకీ పెరిగినంత మాత్రాన దొడ్డి దగ్గర ధర పెరగాలని లేదు.

ఈ మాట చిత్తూరు మామిడి రైతుకు విడమరిచి చెప్పక్కర్లేదు. 2025 వేసవిలో తోతాపురి ధర కుప్పకూలినప్పుడు కిలోకు 12 రూపాయలు దక్కేలా, అందులో 4 రూపాయలు ప్రభుత్వమే ఇచ్చే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. పల్ప్ ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు మామిడి రసం తాగండన్న ప్రకటన రైతును ఆదుకోదు. గిరాకీ పెంచే పథకం పక్కన బేరమాడే శక్తి పెంచే ఏర్పాటు లేకపోతే, రైతు చందా మధ్యవారి లాభానికి పెట్టుబడి అవుతుంది.

చెకాఫ్‌లో నేర్చుకోదగిన మంచీ ఉంది. 2000 నాటి హాస్ అవకాడో చట్టం పౌనుకు రెండున్నర సెంట్లు వసూలు చేసి, అందులో 85 శాతాన్ని ఏ ప్రాంతం పండు నుంచి వచ్చిందో ఆ ప్రాంత సంఘాలకే తిరిగి ఇస్తుంది. కాలిఫోర్నియా రైతులు తమ పండును తమ పేరుతోనే ప్రచారం చేసుకోగలరు, మెక్సికో పండుకూ దాని పేరు దక్కుతుంది. పుట్టగొడుగుల కేసులో లేచిన అభ్యంతరానికి ఇది మంచి విరుగుడు. 2007లో అమెరికా మార్కెట్ మన మామిడికి తెరుచుకుంది. మినహాయింపు పరిమితి దాటిన దిగుమతిదారు బంగినపల్లికైనా, మెక్సికో పండుకైనా పౌనుకు ముప్పావు సెంటు కట్టాల్సిందే. అక్కడి మామిడి బోర్డులో విదేశీ రైతులకూ స్థానాలున్నాయి. డబ్బు ఎవరిదో కుర్చీ వారికి ఇవ్వాలన్న సూత్రం అది.

మన సొంత అనుభవమూ తక్కువది కాదు. కోళ్ల పరిశ్రమ దిగ్గజం బి.వి.రావు చొరవతో 1982లో పుట్టిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ చట్టబలం లేకుండా, రైతుల స్వచ్ఛంద చందాలతోనే గుడ్డును ఇంటింటికీ చేర్చింది. కట్టడం మానేసే స్వేచ్ఛ రైతుకు ఉంది కాబట్టి కమిటీ ఎప్పటికప్పుడు తన ఉపయోగం నిరూపించుకోక తప్పదు. అయితే ఈ పద్ధతి ప్రతి పంటకూ అతకదు. పెద్ద ఫారాలున్న రంగంలో చందాలు కూడతాయి. రెండెకరాల పసుపు రైతులు లక్షల్లో ఉన్నచోట కూడవు. అక్కడ చట్టం వైపు చూడక తప్పకపోవచ్చు.

2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైన జాతీయ పసుపు బోర్డు కానీ, రేపు వచ్చే మరే బోర్డు కానీ రైతు అమ్మకం మీద ప్రచార రుసుము ప్రతిపాదిస్తే, కొన్ని షరతులు చట్టంలోనే ఉండాలి. వసూలుకు ముందే రైతుల ఓటు జరగాలి. ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఎవరూ సంతకాలు సేకరించనక్కర్లేకుండా దానంతటదే జరగాలి. అమెరికా చట్టం ఓట్లను మనుషుల లెక్కనైనా, సరుకు పరిమాణం లెక్కనైనా చూడవచ్చంటుంది. మన దగ్గర మాత్రం మనిషికో ఓటే ఉండాలి, లేకుంటే పెద్ద కమతాలు చిన్న రైతుల గొంతు మింగేస్తాయి. ఓటు ఫలితాన్ని పక్కనపెట్టే అధికారం ఏ మంత్రికీ ఉండకూడదు. వాపసు హక్కు కనీసం మొదటి పదేళ్లు కొనసాగాలి. రుసుములో సగం ప్రాసెసింగ్ కంపెనీలు, ఎగుమతిదారులు భరించాలి, ఎందుకంటే గిరాకీ పెరిగితే ముందు లాభపడేది వారే. రాజకీయ విధానాల కోసం ఒత్తిడి తెచ్చే ఏ సంఘానికీ ప్రచార కాంట్రాక్టు దక్కకూడదు. ఖర్చు లెక్కలు మూడు నెలలకోసారి మార్కెట్ యార్డు నోటీసు బోర్డు మీద తెలుగులో ఉండాలి.

ఇవి ఉంటే రుసుము ఆలస్యంగా వస్తుంది, నిధి కొంత చిన్నదవుతుంది, కొన్ని పంటల్లో ఓటు ఓడిపోవచ్చు కూడా. ఓడిపోయే అవకాశం లేని ఓటుతో కట్టిన బోర్డు కంటే అదే మేలు. ఈ షరతులకు ఒప్పుకోని ప్రభుత్వం తాను ప్రచారం చేయాలనుకుంటే బడ్జెట్‌లోంచి ఖర్చు పెట్టి, శాసనసభకు జవాబు చెప్పుకోవాలి. రైతు జేబులో చేయి పెట్టకూడదు.