కట్టు విప్పిన తరువాత

ఇళ్లు దర్శించునప్పుడు సెరిబ్రల్ పాల్సీ గల బిడ్డల తల్లులు మమ్ములను, “ఆపరేషన్ చేయిస్తే నడుస్తాడా అయ్యగారూ?” అని అడుగుచుందురు.

మెదడుకు కలిగిన దెబ్బను ఆపరేషన్ మాన్పదు. బిగిసిన పిక్క కండరము ఎముకతోపాటు పెరగక మడమ నేలకు ఆననప్పుడు, డాక్టరు దాని స్నాయువును పొడిగించును. పిండికట్టు విప్పిన తరువాత కాళ్లు కొన్ని నెలలు మునుపటికంటె బలహీనముగా ఉండవచ్చును. భయపడి వ్యాయామము మానకూడదు. ఫలితము తెలియుటకు ఏడాది పట్టవచ్చును. అందరు బిడ్డలు నడువలేకపోవచ్చును గాని, నొప్పిలేక కూర్చుండుటయు మేలే. ఏడాదికి 1 లక్ష రూపాయల వరకు గల కేంద్ర నిరామయ బీమాలో ఫిజియోథెరపీకి కూడ చోటున్నది.

సంఘస్థులారా, “ఎవరి పాపము?” అని అడుగుట మానుదము. వారమునకొక పూట ఆ యింటికి వంట చేసి పంపుదము. ఆ గంట తల్లి బిడ్డ కాళ్లకు ఇచ్చును.